తిరుగు బండి ముందు చూసుకో

చిరంజీవి అమ్ములుకి,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచీ మనసు మనసులో లేదు. పారిస్ వచ్చి ఆరు నెలలైనా కాలేజీ, గది, కూరగాయల కొట్టు తప్ప ఏమీ చూడలేదన్నావు. ఎటు కదలాలన్నా యూరోని వందతో గుణించుకుని ఆగిపోతున్నానన్నావు. నేనొచ్చిన కొత్తలో ఫ్రాంకులుండేవి, నేనూ అలాగే గుణించుకునేదాన్ని. రెండేళ్ళు ఆ గుణింపుల్లోనే పోయాయి. ఆ రెండేళ్ళు నీకు పోకూడదని ఈ ఉత్తరం.

ఆదివారాలు తిరగడానికి ఏ పాస్ కొనమంటావు పెద్దమ్మా అని అడిగావు. ఏమీ కొనకు. కాలేజీకి వెళ్ళడానికి తీసుకున్న ఇమాజిన్ ఆర్ కార్డు నీ బ్యాగులో ఉంది కదా, అదే నీ పాస్. అది మెట్రోకి మాత్రమే అనుకుంటున్నావు. ఇల్-ద-ఫ్రాన్స్ ప్రాంతం మొత్తానికీ, ఈ చివర నుంచి ఆ చివర దాకా, మెట్రో, ఆర్ఈఆర్, ట్రాన్సిలియన్ రైళ్ళు, బస్సులు అన్నిటికీ చెల్లుతుంది. ఏడాది డబ్బు ఎలాగూ కడుతున్నావు. ఆదివారం గదిలో కూర్చున్నా కట్టినట్టే, ప్రోవాన్ వెళ్ళొచ్చినా కట్టినట్టే.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు. 1975లో వచ్చిన కార్త్ ఒరాంజ్ ఉండేది. పారిస్ చుట్టూ వలయాల్లా జోన్లు గీసి, ఎన్ని జోన్లు దాటితే అంత డబ్బు అనేవారు. మీ పెదనాన్న జీతానికి రెండు మూడు జోన్లు దాటేవాళ్ళం కాదు. 2015 సెప్టెంబరులో నెల పాస్‌కి ఆ గీతలు చెరిపేశారు. ఊరి చివర ఉన్నవాడికీ నడిబొడ్డున ఉన్నవాడికీ ఒకటే ధర పెట్టారు. ఆ మొదటి ఆదివారం మేమిద్దరం ఫోంతేన్‌బ్లో వెళ్ళి, అడవిలో పెద్ద బండరాళ్ళ మధ్య కూర్చుని పులిహోర తిన్నాం. నలభై నిమిషాల దూరంలో ఉన్న అడవిని చూడడానికి అన్నేళ్ళు పట్టింది మాకు.

లియోన్ నుంచి నీ స్నేహితురాలు వస్తోందన్నావు కదా, ఆ పిల్లకి కార్డు ఉండదు. ఆమె లెక్క వేరు. 2025 జనవరి నుంచి ఈ ప్రాంతంలో రైలెక్కి ఎంత దూరం వెళ్ళినా, విమానాశ్రయాలు తప్ప, టికెట్టు రెండున్నర యూరోలు చేశారు. రోజు పాస్ ఆ ఏడాది 12 యూరోలు ఉండేది. ఆ ధరల లెక్కన వెళ్ళి రావడానికి 5 యూరోలు, నాలుగుసార్లు ఎక్కినా 10. ఐదోసారి ఎక్కితేనే పాస్ గిట్టుతుంది. ఒక ఊరు చూసి వచ్చే రోజు విడి టికెట్లే చవక. పాస్ అన్న మాట వినగానే లాభం అనుకోకు. ఎన్నిసార్లు ఎక్కుతామో వేళ్ళమీద లెక్కపెట్టి అప్పుడు కొను. వారం పాస్ అయితే మరో మెలిక ఉంది. ఏ రోజు కొన్నా అది సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది, గురువారం కొంటే నాలుగు రోజులే. ధరలు కొత్త సంవత్సరంలో మారుతుంటాయి, బయల్దేరే ముందు ఒకసారి చూసుకో.

ఎక్కడికి వెళ్ళాలంటావా? మొదట ప్రోవాన్ వెళ్ళు. గార్ ద లెస్త్ స్టేషన్లో ట్రాన్సిలియన్ పీ లైను బండి ఎక్కితే గంటన్నర లోపు చివరి స్టేషన్లో దిగుతావు. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో యూరప్ నలుమూలల నుంచీ బట్టల వర్తకులూ డబ్బు మార్చేవాళ్ళూ సంతకి వచ్చిన ఊరది. కోటగోడలు ఇంకా నిలబడి ఉన్నాయి. 2001లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. స్టేషను నుంచి ఎగువ ఊరికి మెల్లగా నడువు, బస్సుకోసం చూడకు. ఆ ఎక్కుడులోనే ఊరు తెలుస్తుంది.

తర్వాత ఓవేర్-సుర్-వాజ్. చిత్రకారుడు వాన్ గో 1890లో తన చివరి డెబ్భై రోజులు అక్కడే గడిపాడు. చర్చి వెనక గోధుమ చేల పక్కన శ్మశానంలో అతనిదీ, అతని తమ్ముడిదీ సమాధులు పక్కపక్కనే ఉంటాయి, రెండిటినీ కప్పి ఒకటే ఐవీ తీగ అల్లుకుంది. అక్కడికి వెళ్ళడానికి పైసా టికెట్టు లేదు. నేను మాత్రం ఎప్పుడు వెళ్ళినా గంటకి తక్కువ కూర్చోను. చిత్రకారుడు సిస్లీ బొమ్మలు వేసిన మోరే-సుర్-లువాంగ్ కూడా నీ కార్డు హద్దులోదే, ఎండాకాలంలో నది ఒడ్డున కూర్చోవడానికి వెళ్ళు.

రాజభవనాల సంగతి. నీకింకా 26 నిండలేదు, ఇక్కడ చదువుకోవడానికి దీర్ఘకాలపు వీసా ఉంది. అది చూపిస్తే వెర్సాయ్, ఫోంతేన్‌బ్లో, లూవ్ర్ లాంటి జాతీయ మ్యూజియాలన్నిటిలోనూ ప్రవేశం ఉచితం. యూరప్ పిల్లలకే అనుకుని మనవాళ్ళు చాలామంది డబ్బు కట్టి టికెట్టు కొంటున్నారు. కౌంటర్లో అడగడానికి మొహమాటపడకు. వెర్సాయ్‌కి సోమవారం, ఫోంతేన్‌బ్లోకి మంగళవారం సెలవు.

హద్దులు గట్టిగా గుర్తుపెట్టుకో. షాంతీయి కోటకి ఆర్ఈఆర్ బండే వెళ్తుంది, కానీ ఆ ఊరు పక్క ప్రాంతానిది, నీ కార్డు అక్కడ చెల్లదు. షార్త్ర్ వెళ్ళే బండిలోనూ రాంబూయే దాటిన కాసేపటికే మన హద్దు అయిపోతుంది. బండి ఆగదు, ఎవరూ హెచ్చరించరు, తనిఖీ ఉద్యోగి వచ్చాకే తెలుస్తుంది. అలాంటి రోజు మిగిలిన దూరానికి ముందే టికెట్టు తీసుకో.

ఇల్-ద-ఫ్రాన్స్ దాటితే ప్రతి ప్రాంతానికీ తన సొంత టీఈఆర్ రైళ్ళు, సొంత ధరలు, సొంత పాస్‌లు. టీజీవీ అనే వేగపు రైళ్ళలోలా రెండు నెలల ముందు కొంటేనే చవక అన్న బాధ చాలా టీఈఆర్ బండ్లలో ఉండదు. పొద్దున్నే ఆకాశం చూసి బయల్దేరవచ్చు, అదే వాటి గొప్ప. చాలాచోట్ల 26 లోపు వాళ్ళకి వేరే ధర ఉంటుంది. స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న మీ బ్యాచ్ పిల్లల దగ్గరికి వెళ్తే, శని ఆదివారాల్లో కొద్దిమంది కలిసి ఒకే టికెట్టు మీద ఆల్సాస్ తిరిగే పద్ధతి గురించి స్టేషన్లో అడుగు. కోల్‌మార్ అరగంట, దారిలో సెలెస్తా దిగి చూడు. క్రిస్మస్ చెట్టు ప్రస్తావన ఉన్న 1521 నాటి ఊరి లెక్కల పుస్తకం అక్కడే ఉంది. నీస్ వెళ్తే కొన్ని రోజుల పాస్ ఒకటి తీసుకుని సముద్రం వెంబడి విల్‌ఫ్రాంష్, మాంతోన్ చూసిరా. కొండల్లోకి తాంద్ దాకా వెళ్ళే లైను ఉంది. యుద్ధంలో ధ్వంసమై 1979లో మళ్ళీ తెరిచారు.

అయినా, ఒక్క పాస్‌ని నమ్ముకుని పథకం వేసుకోకు. 2024 జులై, ఆగస్టుల్లో 27 ఏళ్ళ వరకూ ఉన్న కుర్రవాళ్ళకి నెలకి 49 యూరోలకే దాదాపు దేశమంతా టీఈఆర్‌లు ఎక్కనిచ్చారు, మరుసటి ఏడు ఆ పాస్ లేదు. అదే 49 యూరోలకి దొరికే ఏడాది అవాంతాజ్ కార్డుని దానితో కలిపెయ్యకు. అది ముఖ్యంగా టీజీవీల్లో తగ్గింపు కోసం, ఊరికే ఎక్కనివ్వదు.

ఇన్ని చెప్పినా అసలు మాట ఇప్పుడు చెప్తున్నాను. ఏ ఊరికి వెళ్ళినా, వెళ్ళే బండి కాదు, తిరిగొచ్చే బండి ముందు చూసుకో. మీ అన్నయ్య రెండేళ్ళవాడుగా ఉన్నప్పుడు ఒక నవంబరు ఆదివారం నేనొక్కదాన్నే వాడిని తీసుకుని ఒక చిన్న ఊరు వెళ్ళాను. సాయంత్రం స్టేషనుకి వచ్చేసరికి ఆఖరి బండి వెళ్ళిపోయింది. మామూలు రోజుల పట్టిక చూసుకున్నాను, ఆదివారం పట్టిక వేరే ఉంటుందని తెలియలేదు. చీకటి, చలి, స్టేషన్లో మనిషి లేడు, పిల్లవాడు ఏడుస్తున్నాడు. ఫోను బూత్ వెతుక్కుని టాక్సీ పిలిచాను. ఆ నెలంతా కూడబెట్టింది ఆ ఒక్క రాత్రికి అయిపోయింది. డబ్బు సంగతి మర్చిపోయాను గానీ, ఆ ప్లాట్‌ఫారం మీద పడిన భయం ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే ఆఖరి బండికి కాదు, దాని ముందు బండికి స్టేషనులో ఉండు. ఆఖరిది నీకు వెనకబలం. పట్టాల మరమ్మతులు ఎక్కువగా వారాంతాల్లోనే చేస్తారు, రైలు బదులు బస్సు పెడతారు. సమ్మె ఉంటే ఏ బండ్లు నడుస్తాయో ముందురోజు సాయంత్రానికి చెప్పేస్తారు. రాత్రి పడుకునే ముందు ఒకసారి చూడు. కాగితం టికెట్టు మీద ముద్ర వేయించమని ఉంటే స్టేషన్లో మిషనులో వేయించు, కార్డైతే గేటు లేని చోట కూడా తాకించు. అన్నం డబ్బా కట్టుకో, సీసాలో నీళ్ళు పోసుకో. పంపు మీద "నొం పొతాబ్ల్" అని ఉంటే ఆ నీళ్ళు తాగకు.

మన యానాంకి రైలు లేదు. యానాంని భారత్‌కి అప్పగించే ఒప్పందం 1962లో అమల్లోకి వచ్చినప్పుడు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న మా మామగారు కూడా రైలెక్కాలంటే బస్సులో కాకినాడ వెళ్ళాల్సి వచ్చేది. నీకు ఇంటి ముందే స్టేషను ఉంది, బ్యాగులో కార్డు ఉంది. చదువుకోవడానికే వచ్చాను అంటావు. ఈ దేశాన్ని చూడడం కూడా ఆ చదువులో భాగమే.

ఈ ఆదివారం ప్రోవాన్‌కి నువ్వొక్కదానివే వెళ్ళు. వచ్చే నెల ఓవేర్‌కి నేనూ వస్తాను, మాగాయి తెస్తాను. ఫోటోలు తర్వాత పంపుదువుగాని, బయల్దేరే ముందు నాకొక్క మెసేజ్ పెట్టు, తిరుగు బండి ఎన్నింటికో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ