పశువుల మందపై విమానము

ఎమ్మిగనూరు శ్రీ నీలకంఠేశ్వరస్వామి జాతరలోని ఎద్దుల సంతను ఎరుగనివారు ఆ ప్రాంతమున అరుదు. రైతులు తమ కోడెల మెడలకు గంటలు కట్టి, ముచ్చటగా అలంకరించి తోలుకొని వత్తురు. ఆదోని పరిసరములందలి నల్లరేగడి చేలలోను, మెట్టలమీదను పశువులకాపరికి చేతికఱ్ఱయు, నోటికేకయుమాత్రమే సాధనములు. వానితోనే అతడు ప్రొద్దు గ్రుంకులోపల మందనంతయు ఇంటికి చేర్చును.

ఆస్ట్రేలియా దేశపు నడిభాగమున ఇట్లు సాధ్యము కాదు. అచటి పశుక్షేత్రములు మిక్కిలి విశాలములు. అన్నాక్రీక్ అను క్షేత్రము 15 వేల చదరపు కిలోమీటర్లకు పైబడినది. అనగా 2022లో పునర్విభజింపబడిన కర్నూలు జిల్లాకు దాదాపు రెట్టింపు. ఇట్టి క్షేత్రములలో పశువులు పొదలలోను వాగులలోను చెదరియుండును. పూర్వము గుఱ్ఱములనెక్కి వారములతరబడి తిరిగి వానిని పోగుచేసెడివారు. ఇప్పుడు చిన్న విమానములును, ఇద్దరుమాత్రమే కూర్చుండదగిన హెలికాప్టర్లును ఆ పనికి తోడ్పడుచున్నవి. పైలటు మందపై తక్కువ ఎత్తున ఎగురుచు, ఇంజను మోతతో పశువులను అదలించి దొడ్లవైపు మళ్లించును.

పని త్వరగా ముగియును గాని ప్రాణాపాయము హెచ్చు. ఎత్తున పోవు విమానమునకు ఆ ఎత్తే రక్ష. ఇంజను ఆగినను, దిగుటకు తగిన చోటు వెదకుకొనుటకు వ్యవధి యుండును. 30 మీటర్ల ఎత్తునుండి జారిన వస్తువు రెండున్నర సెకండ్లలో నేలను తాకును. హెలికాప్టరునకు తగిన ఎత్తును వేగమును ఉన్నచో, ఇంజను ఆగినను క్రిందినుండి వచ్చు గాలి దాని రెక్కలను త్రిప్పుచుండును. ఆ సాయమున మెల్లగా దిగవచ్చును. నేలకు చేరువగా, నెమ్మదిగా పోవునప్పుడు ఆ అవకాశము చాలదు.

మందనుండి తప్పించుకొని పరుగెత్తు ఎద్దును అడ్డగించుటకై పైలటు విమానమును ఒరగించి త్రిప్పును. ఒరిగినకొలది రెక్కలు మోయవలసిన భారము పెరుగును. ఎత్తు తగ్గక 60 డిగ్రీలు ఒరిగి తిరుగునప్పుడు అవి విమానపు బరువునకు రెండింతలు మోయవలెను. తిన్నగా పోవునప్పుడు గంటకు 80 కిలోమీటర్ల వేగము చాలిన విమానమునకు, అట్టి మలుపులో సుమారు 113 కిలోమీటర్ల వేగము కావలెను. అంతకు తగ్గినచో రెక్కలు పట్టు తప్పును. ఆ సమయమున పైలటు చూపు ఎద్దుమీద నుండునుగాని వేగసూచిమీద నుండదు.

అన్నిటికంటె మోసకరమైనది తీగ. స్తంభము కనబడినను తీగ కనబడదు. వ్యవసాయ విమానములు తీగలకు తగిలిన ప్రమాదములపై ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ 2011లో ఒక పరిశీలనను ప్రకటించెను. సగమునకు మించిన ప్రమాదములలో, తీగ అచట కలదని పైలటు ముందే ఎరిగియుండెను! తెలియకపోవుటచేత కాదు, పనిలో మునిగి మరచుటచేతనే ముప్పు వాటిల్లవచ్చునని దీనివలన తెలియుచున్నది.

కావున వివేకియగు పైలటు మొదట ఎత్తున తిరిగి తీగలను, చెట్లను, గాలివాటమును గమనించును. అలసినప్పుడు విమానమును దించి విశ్రమించును. మొండి ఎద్దు దారి తప్పినచో, “పోయిన పోనిమ్ము, రేపు చూతము” అని విడిచిపెట్టును. విడువగలుగుటయే అతని నేర్పు.

ఆదోని మీదుగా ముంబయి–చెన్నై రైలుమార్గము పోవుచున్నది. ఆ ప్రక్కన మందను మేపు కాపరికి రైళ్ల రాకపోకలు తెలియనివి కావు. అయినను పట్టాలమీదికి ఉరికిన దూడవెంట తానును ఉరికినచో ఆ తెలివి అతనిని కాపాడునా? అపాయమును ఎరిగియుండుట చాలదు. అక్కరకువచ్చు క్షణమున అది జ్ఞప్తికి రావలెను. దూడ విలువైనదే; కాని కాపరి ప్రాణము అంతకంటె విలువైనది.