రక్తనాళాలు మొలిపించే నానో మందు వచ్చేసిందా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. చాలా కాలంగా షుగర్ ఉంది. ఊడ్పులప్పుడు చేలో దిగితే కుడికాలి బొటనవేలి కింద ఏదో గుచ్చుకుంది. నొప్పి తెలియలేదన్నారు. ఇప్పుడది పుండై, నెలన్నరయినా మానడం లేదు. కొత్త రక్తనాళాలు పుట్టించే నానో పూలు హైదరాబాద్ ఐఐసీటీలో తయారుచేశారని చదివాం. ఆ మందు విజయవాడలో దొరుకుతుందా? ఇక్కడ మందుల షాపులో నానో సిల్వర్ జెల్ ఇచ్చారు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, పామర్రు

జవాబు: దొరకదమ్మా. మీరు చదివింది మాత్రం నిజమే. రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో శాస్త్రవేత్త చిత్తరంజన్ పాత్ర బృందం జింక్ ఆక్సైడ్‌ను పూల ఆకారపు నానో కణాలుగా తయారుచేసి, 2012లో ఫలితాలు ప్రచురించింది. ఇవి తగిలినప్పుడు నాళాల లోపలి పొర కణాల్లో కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుందనీ, దాన్నే సంకేతంగా తీసుకుని ఆ కణాలు పెరిగి, పాకి, గొట్టాల్లా అల్లుకుంటాయనీ వాళ్ల వివరణ. కోడిపిండంలో కొత్త నాళాలు కొమ్మలు వేయడం కూడా చూశారు. కానీ పెరాక్సైడ్ మోతాదు మించితే కణం చస్తుంది.

ఇంకో చిక్కుంది. నాళాలు పుండు దగ్గరే పెరగాలి. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి రెటీనాలో అక్కర్లేని నాళాలు పుట్టి, చిట్లి, చూపు పోవచ్చు. వాటిని అణచడానికే కంట్లో ఇంజెక్షన్లు ఇస్తారు. కేన్సర్ గడ్డ పెరగాలన్నా కొత్త నాళాలు కావాలని పరిశోధకుడు జూడా ఫోక్‌మన్ 1971లోనే చెప్పారు. అందుకే ఇలాంటి మందును మనుషుల మీద ఆచితూచి పరీక్షించి తీరాలి.

నానో సిల్వర్ పని వేరు. అది సూక్ష్మజీవుల్ని చంపడానికి. దాంతో నాళాలు మొలవవు.

ముందు నాన్నగారి కాలికి రక్తం అందుతోందో లేదో చూడాలి. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చి చూస్తారు. షుగర్‌తో నాళాలు గట్టిపడితే ఆ లెక్క బాగున్నట్టే కనిపించవచ్చు, కాబట్టి డాప్లర్ స్కాన్ కూడా అడగండి. నాళం మూసుకుపోయి ఉంటే యాంజియోప్లాస్టీతో తెరవొచ్చేమో వాస్క్యులర్ సర్జన్ చెబుతారు. పుండు ఎముక దాకా వెళ్లిందేమో ఎక్స్‌రే తీయించండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ కాలి మీద బరువు పడకూడదు. జెల్ రాసుకుని అదే కాలితో గట్ల మీద తిరిగితే ఏ మందూ పనిచేయదు. వేడినీళ్లలో కాలు పెట్టనివ్వకండి, స్పర్శ లేని కాలు కాలినా తెలియదు.

ఈ వారంలోనే విజయవాడ తీసుకెళ్లండి. వేలు నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకినా ఆ పూటే బయల్దేరండి. మందుల చీటీలతోపాటు ఆయన రోజూ వేసుకునే చెప్పులు కూడా పట్టుకెళ్లండి. ఒత్తిడి ఎక్కడ పడుతోందో డాక్టరు వాటిని చూసి చెప్పగలరు.