ఇనుప కొలిమి వాయువులు – పైరునకు ఎరువులు



పేడను పారవైచు రైతు తన పొలపు బలమును పారవైచుకొనును. ఇనుమును కరగించు కర్మాగారములయందును ఈ న్యాయమే వర్తించును. అచ్చట వెలువడు వాయువులను ఊరక విడిచినచో గాలి చెడును; పట్టి వాడుకొనినచో ఫలము కలుగును.

ఇనుము తీయుటకు ముందుగా రాతిబొగ్గును గాలి తగులకుండ మూసిన బట్టీలలో మిక్కిలి వేడిచేసి కోకుగా మార్చుదురు. అప్పుడు వెడలు వాయువులో సగమునకు మించి హైడ్రోజనును, సుమారు నాలుగవ వంతు మీథేనును, కొలదిగా అమ్మోనియాయు నుండును. ఈ అమ్మోనియా గంధకికామ్లముతో కలిసినప్పుడు అమ్మోనియం సల్ఫేటు పలుకులుగా ఏర్పడును. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున ఈ ఎరువు ఇట్లే లభించుచున్నది. రూర్కెలాలో 1962లో ఆరంభమైన ఎరువుల కర్మాగారము ఇంకొక మార్గము నవలంబించినది. కోకు బట్టీల వాయువునందలి హైడ్రోజనును గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియాను చేసి, దానినుండి ఎరువును తయారుచేసిరి.

ఊదుకొలిమి వాయువు వేరు. అందు దాదాపు సగము నత్రజనియే. తక్కినది ముఖ్యముగా కార్బన్ మోనాక్సైడు, బొగ్గుపులుసు వాయువు. జర్మనీలోని డ్యూస్‌బర్గునందు 2018లో ఉక్కు కర్మాగారపు వాయువులనుండి మిథనాలును తీసిరి. బెల్జియములోని ఘెంటునందు 2022లో ప్రారంభోత్సవము జరిగిన కర్మాగారము సూక్ష్మజీవులచే కార్బన్ మోనాక్సైడును ఇథనాలుగా మార్చునట్లు నిర్మింపబడినది. అయితే ఈ వాయువులను కర్మాగారములు వంటచెరకువలె మండించి విద్యుత్తును, వేడిని పొందుచుండును. కావున వానిని రసాయనములకు మరల్చినచో ఆ లోటును వేరొక శక్తితో పూరింపవలెను.

ఇక మన లెక్కను చూతము. 50 కిలోల అమ్మోనియం సల్ఫేటు బస్తాలో నత్రజని సుమారు 10 కిలోలు మాత్రమే. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోలు. అనగా నత్రజని మాత్రమే కావలసినవారికి రెండు బస్తాలు ఒక యూరియా బస్తాకు సమానము. కాని ఆ రెండు బస్తాలతో సుమారు 23 కిలోల గంధకము కూడ వచ్చును. గంధకము కొరవడిన నేలలలో వేరుశనగవంటి నూనెగింజల పైరులకు ఇది మిక్కిలి మేలు.

రెండు జాగ్రత్తలు మరువరాదు. ఈ ఎరువును సున్నముతోగాని బూడిదతోగాని కలిపినచో అమ్మోనియా ఆవిరియై పోవును. పులుపు నేలలలో ఏటేట వేసినచో పులుపు మరింత హెచ్చును.

కావున బస్తా ధరను చూచి మోసపోక, నేలను పరీక్ష చేయించి, కిలో నత్రజనికి ఎంత పడునో సంఘమునందే లెక్కకట్టి కొనుడని మేము కోరుచున్నాము.