ఎయిర్ రైఫిల్‌కి తుప్పు, తప్పుతున్న గురి

ప్రశ్న: మాది గుడివాడ. మా అబ్బాయి సాధన కోసం కొన్న 0.177 స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి వర్షాకాలంలో తుప్పు మచ్చలు పడ్డాయి. గురి కూడా కుదరడం లేదు. స్కోప్ పెట్టిస్తే సరిపోతుందా?

జవాబు: డెల్టా తేమకు చేతి చెమటలోని ఉప్పు తోడైతే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. స్పాంజి కవరు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి రైఫిల్‌ని అందులో దాచకూడదు. గొట్టంలో పెల్లెట్ లేదని చూసుకుని, సాధన అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, బయటి ఇనుముకు గన్ ఆయిల్ పలచగా రాయాలి. సిలికా జెల్ పొట్లాలు వేసి బీరువాలో పెట్టి తాళం వేయాలి. కంప్రెషన్ చాంబర్‌లో మాత్రం ఆ నూనె చుక్క కూడా పడకూడదు. ఒత్తిడికి మండి సీలు పాడవుతుంది. పెల్లెట్ లేకుండా పేల్చినా అంతే.

గురి తప్పడానికి తరచుగా కారణం కర్ర బట్‌ను పట్టి ఉంచే స్క్రూలు వదులవడమే. ముందు వాటిని బిగించి, ఒకే రకం పెల్లెట్లతో చూడాలి. స్ప్రింగ్ రైఫిల్ ముందుకీ వెనక్కీ కుదుపుతుంది గనుక మామూలు స్కోప్ నిలవదు, ఎయిర్‌గన్‌కి తగినదే కొనాలి. అదీ చివర్లోనే.

20 జౌల్స్ శక్తి దాటితే 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు కావాలి. కొల్లేరు పక్షుల మీద గురిపెట్టడం శక్తితో నిమిత్తం లేని నేరం.

స్ప్రింగ్ విరిగినా, ట్రిగ్గర్ దానంతటదే జారినా ఇంట్లో విప్పకూడదు. బిగిసిన స్ప్రింగ్ ఎగిరి తగులుతుంది. లైసెన్సున్న గన్ మెకానిక్‌కే ఇవ్వాలి.