గోబర్ గ్యాస్ బర్నర్‌ను తినేస్తోందా?

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు దగ్గర పల్లె. గోబర్ గ్యాస్ పొయ్యి బర్నర్ తుప్పు పట్టి రాలిపోతోంది, మంట మిణుకుమిణుకుమంటోంది. ఈ గ్యాస్‌ను శుద్ధి చేసి, సిలిండర్‌లో పట్టి ఆటో నడపొచ్చా?

జవాబు: పేడ గ్యాస్‌లో మండే మీథేన్ నూటికి 55–60 పాళ్లే. మిగతాది దాదాపు అంతా మండని కార్బన్ డయాక్సైడ్. కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. అది తేమతో కలిసి ఇనుమును తినేస్తుంది.

మంట మిణుకుమిణుకుమనడానికి చాలాసార్లు పైపులో నిలిచిన నీళ్లే కారణం. పైపు పల్లంగా ఉన్నచోట చిన్న ట్యాప్ బిగించి, పొయ్యి ఆర్పేసి వారానికోసారి నీళ్లు వదలండి. తర్వాత హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టేయడానికి, పొయ్యికి ముందు తుప్పు పట్టిన ఇనుప రజను నింపిన ప్లాస్టిక్ పైపు పెట్టించండి. రజను ఆదోని లేత్ షాపుల్లో అడగండి. గ్యాస్ సాఫీగా వెళ్లేలా వదులుగా నింపాలి. నల్లబడితే మార్చాలి. తీసిన రజను గాలి తగిలి వేడెక్కుతుంది, నిప్పు కూడా పుట్టొచ్చు. తడిపి ఆరుబయట పరచండి. పత్తి, గడ్డివాముల దగ్గర అసలు వేయొద్దు.

ఆటో ఆలోచన మానుకోండి. వాహనానికి వాడాలంటే మన దేశ ప్రమాణం ప్రకారం కనీసం 90 శాతం మీథేన్ ఉండాలి. అందుకు కార్బన్ డయాక్సైడ్‌ను తీసేయాలి. సహజవాయువు ప్లాంట్లలో దాన్ని అమీన్ ద్రావణంతో పట్టేస్తారు. పెద్ద బయోగ్యాస్ ప్లాంట్లలో ఒత్తిడితో నీళ్లలో కరిగిస్తారు. ఒక్క ఇంటికి ఆ ఖర్చు గిట్టదు, పైగా మనది నీటి కరువు ప్రాంతం. ఇంట్లో సిలిండర్ నింపడం ప్రాణాలతో చెలగాటం.

గ్యాస్ లీకై తలనొప్పి, కళ్లమంట వచ్చినా, ఘాటు వాసన ఉన్నట్టుండి తెలియకుండా పోయినా అందరూ బయటికి వచ్చేయండి. వాల్వు బయట ఉంటేనే కట్టేయండి. ట్యాంకులోకి ఎవరూ దిగొద్దు. రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ (ఇప్పుడు ఎన్‌ఆర్‌ఈడీక్యాప్) జిల్లా కార్యాలయానికి చెప్పి, తెలిసిన మేస్త్రీతో బాగుచేయించండి.