వెనుక వరుస

బందరు, గుడివాడ, దివిసీమ మైదానాలలో కబడ్డీ, వాలీబాల్ ఆడే బాలికలు కనిపించినంతగా ఫుట్‌బాల్ ఆడేవారు కనిపించరు. ఆటపై అనురక్తి లేకపోవడం ఇందుకు కారణం కాదు. చదువు ముగిసిన పిదప ఆ ఆట ఎక్కడికి తీసుకుపోతుందన్నదే సందేహం. మహిళలకు జాతీయ లీగ్ 2016-17లో గాని ఆరంభం కాలేదు. అంతకుముందు రైల్వే వంటి సంస్థలలో కొలువు దొరికితే అదే భాగ్యం.

నేడు దారి కొంత స్పష్టపడింది. కళాశాల జట్టు, విశ్వవిద్యాలయ జట్టు, రాష్ట్ర జట్టు, ఆపైన లీగ్. 2008లో బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడినందున రెండవ మెట్టు ఈ ప్రాంతానికి చేరువైంది. తెలుగు క్రీడాకారిణులలో చాలా దూరం వెళ్లినది నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య. ఆమె గోకులం కేరళ జట్టు నుండి 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్లింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ జట్టుతో లీగ్ గెలుచుకొన్నది.

సౌమ్య ముందు వరుసలో ఆడుతుంది. ముందు వరుసవారు కొట్టిన గోల్ పత్రికలకెక్కుతుంది. వెనుక వరుసవారు ఆపిన గోల్‌కు లెక్క ఉండదు. డిఫెండర్ ఊరికే బంతి వెంట పరుగెత్తదు. ప్రత్యర్థి బంతిని ఎటు పంపనున్నదో పసిగట్టి ముందే అక్కడ నిలుస్తుంది. తోటివారిని కేకవేసి సర్దుతుంది. ఒక్క అడుగు తప్పితే మాత్రం నింద అంతా ఆమెదే! ఇది న్యాయం కాదు.

మణిపూర్‌కు చెందిన ఆశాలతాదేవి అటువంటి డిఫెండర్. గోకులం జట్టుకు, భారత జట్టుకు నాయకత్వం వహించింది. భారత మహిళలలో నూరు అంతర్జాతీయ పోటీలు తొలుత పూర్తిచేసినది ఆమెయే. ఆ నూరవ పోటీ 2024 అక్టోబరు 17న ఖాట్మండులో పాకిస్తాన్‌తో జరిగింది.