డయాలసిస్ వార్డును రోగులతో కలిసి సరిదిద్దుకోవడం ఎలా?

వారానికి రెండు మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు, ఏళ్ల తరబడి ఒకే వార్డుకు వచ్చే మనిషికి అక్కడి సంగతులు ఎన్ని తెలుస్తాయో ఆలోచించండి. నీళ్లు ఎక్కువ తీసిన రోజు ఏ గంటలో పిక్కలు పట్టేస్తాయో, ఏ మంచం మీద ఏసీ గాలి నేరుగా కొడుతుందో, షిఫ్టు ఆలస్యమైతే ఊరికి ఆఖరి బస్సు ఎలా తప్పిపోతుందో ఆయనకు తెలుసు. డాక్టరుకూ టెక్నీషియనుకూ తెలిసినవి వేరు. ఈ రెండూ కలిసే చోటు మన ఆసుపత్రుల్లో చాలావరకు ఫిర్యాదుల పెట్టె ఒక్కటే. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగి చూడండి.

కలపడానికి ఒక పద్ధతి ఉంది. ఇంగ్లండ్‌లో పాల్ బేట్, గ్లెన్ రాబర్ట్ అనే పరిశోధకులు 2005 ప్రాంతంలో లూటన్ అండ్ డన్‌స్టబుల్ ఆసుపత్రిలో తల, మెడ క్యాన్సర్ రోగులతోనూ సిబ్బందితోనూ కలిసి దీన్ని మొదట నడిపారు. కింది మెట్లు ఎక్కువగా అక్కడివే. ఉదాహరణ మాత్రం మన జిల్లా ఆసుపత్రి డయాలసిస్ వార్డు. మొదలుపెట్టేది నర్సు కావచ్చు, డాక్టరు కావచ్చు, రోగి కూతురో కొడుకో కావచ్చు.

1. ఒక్క వార్డే పట్టుకోండి

ఆసుపత్రి మొత్తాన్ని బాగుచేద్దామని బయల్దేరవద్దు. సూపరింటెండెంటును కలిసి ఏవి మార్చే వీలుందో, ఏవి లేదో అడగండి. కొత్త యంత్రాలు తేవడం వార్డు చేతిలో ఉండదు. షిఫ్టు వేళలు, తోడొచ్చినవాళ్లు కూర్చునే చోటు, విషయం చెప్పే తీరు ఉంటాయి. ఈ హద్దు రోగులకు మొదటిరోజే చెప్పేయాలి. ఆశ పెట్టి మానేయడం కన్నా అసలు అడగకపోవడమే నయం.

2. ఒక షిఫ్టంతా చూడండి

గేటు దగ్గర నుంచి మొదలుపెట్టి, సూది తీశాక రోగి దూది నొక్కి పట్టుకుని కూర్చునేదాకా. తనిఖీకి వచ్చారని ఎవరూ అనుకోకుండా ముందే చెప్పి కూర్చోండి.

3. ముందు సిబ్బంది మాట వినండి

ఈ పని తమ తప్పులు పట్టడానికేనని వాళ్లు భయపడతారు. కాంట్రాక్టు ఉద్యోగులైతే మరీను. పనిలో వాళ్లను విసిగించేదేమిటో విడిగా, తీరిగ్గా అడగండి.

4. తర్వాత రోగుల మాట

అసలు కష్టం ఇక్కడుంది. ఆ యంత్రం మీదే ప్రాణం ఆధారపడ్డ మనిషి, సూది గుచ్చే చేతికి ఎదురు చెప్పడు. కాబట్టి ప్రశ్నలు అడిగేది ఆ వార్డులో పనిచేయనివారై ఉండాలి. నర్సింగ్ విద్యార్థి సరిపోతుంది. కిడ్నీ మార్పిడి అయ్యి ఇప్పుడు డయాలసిస్ అవసరం లేని పాత రోగి దొరికితే ఇంకా మంచిది.

చొరవగా మాట్లాడే నలుగురితో సరిపెట్టుకోవద్దు. తోడు లేకుండా వచ్చే ఆవిణ్ని, తరచూ రాకుండా మానేసే కుర్రాణ్ని, మొన్నమొన్ననే ఫిస్టులా (డయాలసిస్ సూది కోసం చేతి రక్తనాళాలను కలిపే ఆపరేషన్) వేయించుకున్న పెద్దాయన్ని అడగండి. "సేవలు ఎలా ఉన్నాయి?" అంటే "బాగానే ఉన్నాయండి" అన్న జవాబే వస్తుంది. "డయాలసిస్ చేయాలని మీకు చెప్పిన రోజు నుంచీ చెప్పండి" అని ఊరుకోండి. ఎక్కడ గొంతు పట్టేసిందో, ఎక్కడ కోపం వచ్చిందో, ఎక్కడ నవ్వారో రాసుకోండి. మార్చాల్సినవీ చెక్కుచెదరకుండా ఉంచాల్సినవీ అక్కడే దొరుకుతాయి.

ఒప్పుకుంటే ఫోన్లో వీడియో తీయండి. ఏ ముక్క చూపించవచ్చో తేల్చేది రోగే. చెప్పాక మనసు మారితే తీసేయాలి. ఏ వాట్సాప్ గ్రూపులోకీ ఒక్క క్లిప్పు కూడా వెళ్లకూడదు. ఎవరూ కెమెరా ముందుకు రాకపోతే వేరే ఊరి రోగుల మాటలు వాడుకోవచ్చు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు అంతకుముందే సేకరించి ఉంచిన వీడియోలతో ఇలా చేసి చూశారు. చర్చ బాగానే నడిచింది, ఏడాది పట్టే పని సుమారు సగం కాలంలో అయిపోయింది.

5. అరగంట సినిమా

వీడియో ముక్కలను అరగంటకు మించకుండా కూర్చండి. రోగులే ముందు చూడాలి. చూశాక తమకు ముఖ్యమైనవేవో వాళ్లు, విడిగా సిబ్బంది, చెరో జాబితా రాసుకోవాలి.

6. అందరూ ఒకే గదిలో

వేదిక, పూలగుచ్ఛం, ముఖ్య అతిథి వద్దు. అవి వస్తే సభ జరుగుతుంది, పని జరగదు. కుర్చీలు గుండ్రంగా వేసి రోగులనూ సిబ్బందినీ కలిపి కూర్చోబెట్టండి. వార్డులో "ఏమ్మా, నువ్వు" అని పిలిచే అలవాటున్నా, ఆ గదిలో అందరికీ "గారు" తగిలించాల్సిందే. డయాలసిస్ అయిన వెంటనే మీటింగ్ పెట్టకండి, అప్పుడు ఒంట్లో ఓపిక ఉండదు. డయాలసిస్ లేని రోజు పిలిచి బస్సు చార్జీ, పోయిన కూలీ ఇవ్వండి. డాక్టరుకు అది జీతం వచ్చే రోజు, రోగికి కాదు. సినిమా చూసి, రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి, మూడు నాలుగు పనులు మాత్రం ఎంచుకోండి.

7. చిన్న బృందాలు

ఒక్కో పనికి ఒక బృందం. ప్రతి బృందంలో కనీసం ఇద్దరు రోగులు ఉండాలి, ఒక్కరే ఉంటే నోరు తెరవరు.

మచ్చుకు, సెషన్ల మధ్య బరువు ఎక్కువగా పెరుగుతోందన్నది ఎంచుకున్న పని అనుకుందాం. "నీళ్లు తాగొద్దన్నానా?" అని నర్సు కసురుతుంది, రోగి తల దించుకుంటాడు. ఉప్పు తగ్గకుండా దాహం తగ్గదని డాక్టరుకు తెలుసు. తెల్లవారుజామున బస్సు పట్టుకోవాలి కాబట్టి రాత్రన్నంలో ఊరగాయ కలుపుకుని బయల్దేరతానన్న సంగతి రోగికి తెలుసు. ఈ రెండు ముక్కలూ కలిస్తే తిట్టు పోయి, మొదటి షిఫ్టువాళ్లు పొద్దున ఏం తినాలన్న ప్రశ్న మిగులుతుంది. దానికి జవాబు కనుక్కోవచ్చు. డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, ఎంతో తేల్చేది డాక్టరే. కానీ రాత్రి పడుకుంటే ఆయాసం వస్తోందా, సాయంత్రానికి చెప్పులు బిగుస్తున్నాయా అన్నది రోగి చెప్పకపోతే ఆ లెక్క తప్పుతుంది.

రోగులూ సిబ్బందీ ఇలా కలిసి పనిచేయడం ఎంతదూరం పోగలదో స్వీడన్‌లోని యాన్‌షాపింగ్ నగరంలో చూశారు. అక్కడి రీహోవ్ ఆసుపత్రిలో 2005లో ఒక రోగి, తన డయాలసిస్ తానే చేసుకోవడం నేర్పమని నర్సును అడిగాడు. ఆవిడ నేర్పింది. అతను మరొకరికి నేర్పాడు. చివరికి రోగులే తమ యంత్రాన్ని నడుపుకునే విభాగం అక్కడ ఏర్పడింది. అంత శిక్షణ, ఇన్‌ఫెక్షన్ జాగ్రత్త లేనిచోట దాంతో మొదలుపెట్టమని అనను. తన బరువు తానే చూసి పుస్తకంలో రాసుకోవడంతో మొదలుపెట్టవచ్చు.

8. నడిపి చూసి, రాతలో పెట్టండి

మార్పును రెండు వారాలు నడపండి. రోగులు చెప్పింది, వార్డు చేసింది, చేయలేనిది ఎందుకు చేయలేదో తెలుగులో రాసి గోడకు అంటించండి. నిలబడ్డ మార్పును ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సమావేశంలో పెట్టించి మినిట్స్‌లోకి ఎక్కించండి. బస్సు చార్జీల ఖర్చూ అక్కడే అడగండి. సూపరింటెండెంట్ బదిలీ అయితే, కొత్తగా వచ్చినవారికి ఆ మినిట్స్ చూపించే పని ఒక స్టాఫ్ నర్సుకూ ఒక రోగికీ కలిపి అప్పగించండి.